పాత బండి హెడ్డు ఫిన్లు వంగినా, విరిగినా: పరీక్ష నుంచి ఆర్గాన్ వెల్డింగ్ దాకా

మే నెలలో వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. రామగుండం, మంచిర్యాల వైపు కూడా అదే మంట. నీళ్ల రేడియేటర్ లేని పాత బుల్లెట్, జావా, యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 బండ్లకు ఆ ఎండలో ఇంజన్‌ను ప్రధానంగా చల్లబరిచేవి హెడ్డు (ఇంజన్ పైమూత) మీదా బ్లాకు (దాని కింద పిస్టన్ ఆడే సిలిండర్) మీదా రెక్కల్లా ఉన్న ఫిన్లే. ఒక ఫిన్ను వంగినా, కొస ఎగిరిపోయినా బండి అక్కడికక్కడ ఆగదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. పట్టించుకున్నవాళ్లలో కొందరు పుట్టీ పూయించో, సుత్తితో కొట్టించో బాగున్న చోటు కూడా చెడగొట్టుకుంటారు.

మైసూరులో యెజ్డీలు తయారుచేసిన ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా అదే ఏడాది ఆగిపోయింది. అసలు హెడ్డు పోగొట్టుకుంటే అలాంటిది మళ్లీ దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. అందుకే ఈ పనిలో మొదటి నుంచి చివరి దాకా ఒక్క నియమం పట్టుకోవాలి: ఎంత తక్కువ వేడితో పని అయిపోతుందో అంతే వాడాలి. వదిలేయదగ్గదాన్ని వదిలేయాలి. ఆకురాయితో తీరేదాన్ని వంచకూడదు. వంచితే వచ్చేదాన్ని వెల్డింగ్‌కు పంపకూడదు.

ముందు లోహం ఏదో, దెబ్బ ఏదో తేల్చుకోండి

ఒక అయస్కాంతం తీసుకుని హెడ్డుకు, బ్లాకుకు ఆనించండి. అంటుకుంటే కాస్ట్ ఐరన్, అంటుకోకపోతే అల్యూమినియం. పాత బుల్లెట్‌లో హెడ్డు అల్యూమినియం, కింద బ్లాకు కాస్ట్ ఐరన్. ఆర్‌ఎక్స్ 100లో రెండూ అల్యూమినియమే, బ్లాకు లోపల మాత్రం ఇనుప లైనర్ ఉంటుంది. ఈ తేడా తెలియకుండా పని మొదలుపెడితే మొదటి అడుగే తప్పుతుంది. అల్యూమినియం ఫిన్నును వేడిచేసి కొంతవరకు వంచగలం. కాస్ట్ ఐరన్ ఫిన్ను వేడి చేసినా వంగదు, పుటుక్కున విరుగుతుంది.

తర్వాత దెబ్బ ఎక్కడ తగిలిందో చూడాలి. ఫిన్ను మొదలు (హెడ్డుకు కలిసే చోటు) దగ్గర వేడి ఎక్కువ, కొస దగ్గర తక్కువ. ఇంజన్ నుంచి వచ్చే వేడి మొదలు గుండానే కొసకు పాకుతుంది. కాబట్టి కొస దగ్గర 5, 6 మి.మీ. ముక్క ఎగిరిపోతే చల్లదనంలో వచ్చే తేడా పెద్దగా ఉండదు, అది అందానికి సంబంధించిన లోటు. అదే ఫిన్ను మొదలు దగ్గర అడ్డంగా పగులు ఉంటే ఫిన్ను చూడ్డానికి నిలబడే ఉన్నా వేడి దాన్ని దాటి పోలేదు. పైగా ఇంజన్ అదురుకు ఆ పగులు లోపలికి, చాంబర్ (పెట్రోలు మండే గది) గోడ వైపు పాకే ప్రమాదం ఉంది. సైలెన్సర్ పైపు బిగించే వైపు ఫిన్లు, స్పార్క్ ప్లగ్ చుట్టూ ఉన్న ఫిన్లు అన్నిటికన్నా ముఖ్యం. అక్కడ చిన్న లోటును కూడా వదలొద్దు. కార్బురేటర్ వైపు కొస చెక్కుకుపోయి ఉంటే ఆకురాయితో నునుపు చేసి బండి నడుపుకోవచ్చు.

పగులు ఫిన్ను దాటి ప్లగ్ రంధ్రం దాకా గానీ, వాల్వు సీటు దాకా గానీ, హెడ్డు బోల్టు రంధ్రం దాకా గానీ పోయి ఉంటే అది ఫిన్ను రిపేరు కాదు. అలాంటి హెడ్డును అల్యూమినియం హెడ్ల పని రోజూ చేసే మిషన్ షాపుకు చూపించాకే ముందుకు కదలాలి.

విప్పేటప్పుడే ఎక్కువ ఫిన్లు పోతాయి

బండి పడిపోతే విరిగే ఫిన్ల కన్నా, అతుక్కుపోయిన హెడ్డును స్క్రూడ్రైవర్‌తో ఫిన్ల కింద పెట్టి ఎత్తబోయి విరగ్గొట్టేవి తక్కువేం కాదు. ఫిన్ను పక్కకు ఊగడానికి తయారైంది కాదు, మీట దెబ్బకు అస్సలు ఆగదు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే నట్లు ఎదురెదురు మూలల్లో పావు చుట్టు చొప్పున వదులు చేయండి. హెడ్డు కదలకపోతే రబ్బరు సుత్తి లేదా చెక్క ముక్క పెట్టి, సైలెన్సర్ పోర్టు చుట్టూ ఉన్న మందపాటి భాగం మీద మెల్లగా తట్టండి. టూ-స్ట్రోక్ బండి (జావా, యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100) అయితే నట్లు రెండు మూడు చుట్లు వదులు చేసి, ప్లగ్ బిగించే ఉంచి, ప్లగ్ వైరు పీకేసి కిక్ కొడితే లోపలి గాలి ఒత్తిడే హెడ్డును లేపుతుంది. నట్లు పూర్తిగా తీసేసి మాత్రం ఇది చేయొద్దు.

విరిగిన ముక్క దొరికితే గుడ్డలో చుట్టి దాచండి. దాని విరిగిన అంచును రుద్దొద్దు, గీకొద్దు. ఆ అంచు హెడ్డు మీది అంచుతో పంటికి పన్ను కలిసినట్టు కలిస్తేనే ఫిన్ను అసలు వంపులో కూర్చుంటుంది. కొన్ని టూ-స్ట్రోక్ బండ్లలో ఫిన్ల మధ్య చిన్న రబ్బరు ముక్కలు ఉంటాయి. ఫిన్లు అదిరి గణగణమని మోగకుండా ఆపేవి అవే. వాటిని పారేయకుండా తీసి పెట్టుకోండి. అవి ఎండి గట్టిపడితే కొత్తవి వేయాలి.

హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పాత హెడ్ ప్యాకింగ్ అతుక్కుని ఉంటే పొడిగా గీకొద్దు. పాతకాలపు ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, దాని ధూళి ఊపిరితిత్తులకు హాని. నూనెతో గానీ నీళ్లతో గానీ తడిపి, మాస్కు పెట్టుకుని, చెక్క లేదా ప్లాస్టిక్ గీకుడు ముక్కతో తీయండి.

కడగడం

కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారుల్లో, భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద నడిచిన బండి హెడ్డు అయితే ఫిన్ల సందుల్లో నూనె, ధూళి కలిసి రాయిలా గట్టిపడి ఉంటుంది. ఆ మట్టి ఉన్నంతవరకు ఫిన్ను ఉన్నా లేనట్టే. పగులు కూడా కనపడదు.

కిరోసిన్ లేదా డీజిల్‌లో హెడ్డును ఒక రాత్రి నానబెట్టండి. వెదురు పుల్లతో, పాత టూత్ బ్రష్‌తో సందులు తీసి, వేడినీళ్లలో బట్టల సర్ఫ్ కలిపి కడగండి. రెండుసార్లు కడిగాక మంచినీళ్లతో తొలిచి ఎండబెట్టండి. కొన్ని షాపుల్లో ఇంజన్ భాగాలను కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికిస్తారు. ఇనుముకు అది పనికొస్తుంది కానీ అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా కరిగిస్తుంది. కాసేపట్లోనే నురుగు పొంగి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, ప్యాకింగ్ కూర్చునే ముఖం గుంటలు పడుతుంది. అల్యూమినియం హెడ్డును అందులో వేయొద్దని ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పండి.

ఇసుక బ్లాస్టింగ్ కూడా వద్దు. ఇసుక రేణువులు మెత్తని అల్యూమినియంలో గుచ్చుకుని ఉండిపోతాయి, నూనె దారుల్లో దాక్కుంటాయి, తర్వాత పిస్టన్‌ను గీస్తాయి. చేయించాల్సివస్తే గాజుపూసల బ్లాస్టింగ్ చేయించండి. ముందుగా ప్లగ్ రంధ్రం, పోర్టులు, నూనె రంధ్రాలు అన్నీ మూయించండి.

బ్రేక్ క్లీనర్ డబ్బాతో కడిగే అలవాటు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. డబ్బా మీద క్లోరిన్ కలిసిన ద్రావకం పేరు ఉంటే దాన్ని వెల్డింగ్ చేయబోయే భాగం మీద వాడొద్దు. ఆర్గాన్ ఆర్క్ వేడికి, వెలుగుకు అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. ఆఖరి తుడుపుకు అసిటోన్ చాలు, అది పూర్తిగా ఆరాకే మంట దగ్గరికి తేవాలి.

పగులు కనిపెట్టడం

వెల్డింగ్ సామాన్ల దుకాణాల్లో దొరికే ఎర్రరంగు, తెల్ల డెవలపర్ స్ప్రే సెట్టు ఉంటే మంచిది. శుభ్రం చేసిన చోట ఎర్రరంగు కొట్టి 10 నుంచి 15 నిమిషాలు వదిలి, గుడ్డతో తుడిచి, తెల్లది పలచగా కొడితే పగులు ఎర్రగీతగా బయటపడుతుంది. గుడ్డకు క్లీనర్ అద్ది తుడవాలి గానీ నేరుగా భాగం మీద కొట్టొద్దు. కొడితే పగుల్లోని రంగు కూడా కొట్టుకుపోతుంది.

అది లేకపోతే పాత పద్ధతి ఉంది. కిరోసిన్‌తో తడిపి అరగంట ఆగి, బయట తడి లేకుండా తుడిచి, చాక్‌పీసు పొడిని స్పిరిట్‌లో కలిపి పలచగా పూయండి. ఆరాక పగుల్లో ఉన్న కిరోసిన్ బయటికి ఊరి తెలుపు మీద మరకగా కనపడుతుంది. ఫిన్ను మొదలు, బోల్టు రంధ్రాల చుట్టూ, ప్లగ్ చుట్టూ తప్పకుండా చూడండి. పగులు కొస ఎక్కడ ఆగిందో గీత గీసి పెట్టుకోండి.

ఆకురాయితో తీరేవి

చెక్కుకుపోయిన కొస, పదునుగా మిగిలిన అంచు, 2, 3 మి.మీ. లోతు నొక్కు లాంటివాటికి సగం గుండ్రటి ఆకురాయి చాలు. పదును మూలను అలా వదిలేస్తే అక్కడినుంచే కొత్త పగులు పుడుతుంది కాబట్టి కనీసం గుండ్రంగా మార్చాలి. అల్యూమినియం ఆకురాయి పళ్లలో ఇరుక్కుని పనిని గీస్తుంది. ఆకురాయికి ముందే చాక్‌పీసు రుద్దితే ఇరుక్కోదు. ఇనుముకు వాడే గ్రైండింగ్ రాయిని అల్యూమినియం మీద పెట్టొద్దు. లోహం రాయి రంధ్రాల్లో నిండిపోయి రాయి వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

వంగిన ఫిన్నును నిలబెట్టడం

ఇక్కడ ఓపికే అసలు పనిముట్టు. పెంబర్తి పనివాళ్లు ఇత్తడి రేకును కొడుతూ మధ్యమధ్య కాల్చుకుంటారు, కొట్టేకొద్దీ లోహం గట్టిపడి పెళుసవుతుంది కాబట్టి. పడినప్పుడు వంగిన ఫిన్ను కూడా ఒకసారి అలా గట్టిపడే ఉంది. దాన్ని చల్లగా ఉండగా పట్కారుతో లాగితే రెండో వంపు దగ్గర విరుగుతుంది.

కావాల్సిన పనిముట్టు మీరే చేసుకోవచ్చు. 6 మి.మీ. మందం, 25 మి.మీ. వెడల్పు, 300 మి.మీ. పొడవు ఉన్న ఇనుప పట్టీ తీసుకోండి. ఒక కొసకు, ఫిన్ను మందం కన్నా అర మిల్లీమీటరు ఎక్కువ వెడల్పుతో, 15 మి.మీ. లోతుతో హాక్సాతో గాడి కోయండి. గాడి లోపలి మూలలను ఆకురాయితో నునుపు చేయండి. దీనికి బదులు స్క్రూ స్పానర్ కూడా వాడొచ్చు, కానీ దవడలకూ ఫిన్నుకూ మధ్య రాగి లేదా ఇత్తడి రేకు పెట్టాలి. తుమ్మ కర్రతో రెండు మూడు ఆప్పులు (సందులో దూర్చే చెక్క ముక్కలు) చెక్కుకోండి, మందం బాగున్న ఫిన్ల మధ్య సందుకు సరిపోవాలి. వంచేటప్పుడు పక్క ఫిన్ను మీద బరువు పడకుండా, సందు ఎంత ఉండాలో కొలతగా ఈ ఆప్పులే పనిచేస్తాయి.

హెడ్డును వైసులో నేరుగా బిగించొద్దు. చెక్క పలకకు బోల్టులతో బిగించి పలకను వైసులో పట్టండి. వాల్వులు, స్ప్రింగులు, రబ్బరు భాగాలు అన్నీ తీసేయాలి.

వేడికి గ్యాస్ టార్చి చాలు. ఆక్సీ-అసిటిలీన్ మంట పనికిరాదు. అల్యూమినియం ఇనుములా ఎర్రబడదు. చూస్తుండగా రంగు మారకుండానే కుప్పకూలుతుంది. మంటను ఒకచోట నిలపకుండా వంగిన ఫిన్ను పొడవునా, దాని మొదలు దాకా తిప్పుతూ 200 డిగ్రీల దగ్గరకు తెండి. చేత్తో పట్టుకునే లేజర్ థర్మామీటరు మెరిసే అల్యూమినియం మీద తక్కువ చూపించి మోసం చేస్తుంది. ఫిన్ను మీద ఒకచోట నల్ల హీట్ పెయింట్ చుక్క పెట్టి దాని మీద కొలవాలి. థర్మామీటరు లేనివాళ్లు ఎలక్ట్రానిక్ దుకాణంలో దొరికే 60/40 సోల్డరింగ్ తీగ కొసను ఫిన్ను మీద ఆనించి చూడొచ్చు. అది దాదాపు 190 డిగ్రీలకు కరుగుతుంది. కరిగిందంటే వంచే వేడి వచ్చినట్టే. వెల్డింగ్ చేయబోయే చోట మాత్రం సోల్డరు తగలనీయొద్దు. బట్టల సబ్బు రుద్ది నల్లబడేదాకా కాల్చమని కొందరు చెప్తారు. ఆ కొలత రేకులకు. సబ్బు నల్లబడే వేడి హెడ్డుకు చాలా ఎక్కువ. వాల్వు సీట్లు వదులవుతాయి, కాస్టింగ్ బలం తగ్గుతుంది.

వేడి వచ్చాక గాడి పట్టీని ఫిన్ను మీద వీలైనంత లోతుగా దించి, ఒక్కసారికి 1 నుంచి 2 మి.మీ. కన్నా ఎక్కువ కదలకుండా నెమ్మదిగా నొక్కండి. వంపు చివర్ల దగ్గర మొదలుపెట్టి మధ్యకు రండి. మధ్యలోనే పట్టి లాగితే ఫిన్ను అలలా తిరుగుతుంది. రెండు నొక్కులకు ఒకసారి మళ్లీ వేడిచేయండి. చెయ్యికి ఒక్కసారిగా తేలికైనట్టు అనిపించినా, టిక్కుమని చప్పుడు వచ్చినా ఆపేయండి. అది పగులు మొదలైన గుర్తు. చల్లారాక పగులు కొసన 2 మి.మీ. రంధ్రం వేస్తే అది ముందుకు పాకడం ఆగుతుంది. తర్వాత వెల్డింగ్ చేయించాలా, అలాగే ఉంచాలా అన్నది పగులు మొదలుకు ఎంత దగ్గరగా ఉందో చూసి నిర్ణయించండి. ఫిన్ను పదో వంతు వంకర మిగిలినా నిటారుగా చేయాలనే పంతం వద్దు. సందులో గాలి ఆడితే చాలు.

ఆర్గాన్ వెల్డింగ్

ఆర్గాన్ వెల్డింగ్ అంటే టంగ్‌స్టన్ మొనతో, ఆర్గాన్ గ్యాస్ కవచంలో చేసే వెల్డింగ్. వరంగల్, హన్మకొండల్లో ఆ బోర్డు ఉన్న ప్రతి షాపూ ఈ పని చేయలేదు. స్టీలు రెయిలింగులు, గేట్లు చేసే షాపుల్లో చాలావరకు ఉండేది డీసీ మిషన్. అల్యూమినియానికి ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) ఉన్న మిషన్ కావాలి. కారణం ఇది: అల్యూమినియం దాదాపు 660 డిగ్రీలకు కరుగుతుంది, దాని మీద ఎప్పుడూ ఉండే ఆక్సైడ్ పొర కరగడానికి 2,000 డిగ్రీలు దాటాలి. ఏసీలో కరెంటు దిశ మారినప్పుడల్లా ఆ పొర చెదిరిపోతుంది. డీసీలో పొర అలాగే ఉండి, కింద లోహం కరిగి జారిపోతుంది. "అన్నా, మిషన్ల ఏసీ ఉన్నదా? అల్యూమినియం తీగ ఏ నంబరు పెడుతవు?" అని ముందే అడగండి. జవాబు తడబడితే హెడ్డు వెనక్కి తెచ్చుకోండి.

తీగ 4043 అయితే సరి, అందులో 5 శాతం సిలికాన్ ఉంటుంది, కాస్టింగుతో బాగా కలుస్తుంది. 12 శాతం సిలికాన్ ఉన్న 4047 కూడా పనికొస్తుంది, ఇంకా పలచగా పారుతుంది. చాలా షాపుల్లో దొరికే 5356 మాత్రం వద్దు. అందులో మెగ్నీషియం ఎక్కువ, ఎప్పుడూ వేడిలో ఉండే భాగాలకు సరిపడదు. పాత గిన్నె ముక్కను కోసి తీగలా వాడటం అస్సలు కుదరదు.

వెల్డింగ్‌కు ముందు లోపల ఇంకిన నూనెను బయటికి తీయాలి. పాత కాస్టింగ్ రంధ్రాలమయం, నలభై ఏళ్ల నూనె లోపల ఉంటుంది. తిండికి వాడని పాత ఓవెన్‌లో 150 నుంచి 180 డిగ్రీల్లో గంటసేపు కాల్చి, బయటికి ఊరిన మరకను అసిటోన్‌తో తుడవండి. మరక రావడం ఆగేదాకా మళ్లీ చేయండి. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద పెట్టి పైన ఇనుప డబ్బా మూత బోర్లించి చిన్నమంట మీద కాల్చొచ్చు. ఇది ఇంట్లో కాకుండా ఆరుబయట చేయండి. పొగ వస్తుంది.

విరిగిన ముక్క ఉంటే, ఒకవైపు నుంచే 60 నుంచి 70 డిగ్రీల వాలు గాడి చేయాలి. రెండో వైపు 1 మి.మీ. అంచు అలాగే వదిలితే ముక్క తన చోటు తానే పట్టుకుంటుంది. ముక్క లేకపోతే అదే మోడల్ పనికిరాని హెడ్డు పాత సామాను కొట్లో దొరుకుతుందేమో వెతకండి. దాని ఫిన్ను కోసి, చుట్టూ 2 మి.మీ. ఎక్కువ ఉంచి అతికిస్తే లోహం, రంగు రెండూ కలుస్తాయి. అల్యూమినియం కిటికీల సెక్షన్ ముక్క కూడా అతుకుతుంది, కానీ రంగు, పైగరుకు వేరుగా ఉండి ఎప్పటికీ కనపడుతుంది. చిన్న మూల మాత్రమే పోతే ముక్క అక్కర్లేదు, ఫిన్ను వెనక 3 మి.మీ. రాగి పలక ఆనించి తీగతోనే నింపొచ్చు. అల్యూమినియం రాగి పలకకు అంత తేలిగ్గా అంటుకోదు, ఆకారం కూడా నిలుస్తుంది. ఆర్క్ నేరుగా రాగిని తాకకుండా చూసుకోవాలి.

హెడ్డును 12 మి.మీ. ఇనుప పలకకు దాని బోల్టు రంధ్రాల గుండానే బిగించి వెల్డింగ్ చేయిస్తే ముఖం వంకర పోవడం తగ్గుతుంది. పాత ప్లగ్ ఒకటి చేత్తో బిగించి ఉంచితే మరలు కాపాడుకోవచ్చు. స్టెయిన్‌లెస్ బ్రష్ కొత్తది కావాలి, ఇనుము మీద తిరిగిన బ్రష్ ఇనుప రజను పూస్తుంది.

3 మి.మీ. మందం ఫిన్నుకు 2.4 మి.మీ. టంగ్‌స్టన్, 90 నుంచి 120 ఆంపియర్లు, నిమిషానికి 8 నుంచి 12 లీటర్ల ఆర్గాన్ మొదలుపెట్టడానికి సరైన కొలతలు. హెడ్డు మొత్తాన్ని 150 డిగ్రీలకు వేడిచేశాకే ఆర్క్ కొట్టాలి. చల్లటి హెడ్డు ఫిన్ను మొదట్లో పెట్టిన వేడిని అంతా పీల్చేస్తుంది, వెల్డర్ ఆంపియర్లు పెంచుతాడు, అప్పుడు కొస కరిగి కారిపోతుంది. ముందు రెండు చివర్లలో చుక్కలు పెట్టి ముక్క వంపు సరిచూడాలి. ఆ తర్వాత 20 నుంచి 25 మి.మీ. చొప్పున, ఒకసారి ఇటు ఒకసారి అటు కుట్టాలి. మధ్యలో హెడ్డు 200 దాటితే ఆగాలి. లోపలి ఫిన్ల సందులో టార్చి కప్పు పట్టదు. గ్యాస్ లెన్స్ (గ్యాస్ చెదరకుండా పంపే జాలీ) పెట్టి టంగ్‌స్టన్‌ను 15 మి.మీ. దాకా బయటికి లాగి, గ్యాస్ కొంచెం పెంచి చేయాలి. అప్పటికీ అందని చోటు ఉంటే పక్క ఫిన్ను కోసి, లోపలిది అతికించి, కోసినదాన్ని మళ్లీ అతికించే వెల్డర్లు ఉన్నారు. సైలెన్సర్ వైపు మొదట్లో పగులు అయితే తప్ప అంత పని విలువైంది కాదని మా అభిప్రాయం.

షాపులో తిరిగే సీలింగ్ ఫ్యాను ఈ పనికి శత్రువు. మే నెలలో ఆ మాట అడగడానికి మొహమాటంగా ఉన్నా అడగాల్సిందే: "అన్నా, పది నిమిషాలు ఫ్యాన్ బంద్ చెయ్యి, గ్యాస్ కొట్టుకపోతాంది." కుట్టు బూడిదరంగులో మసిగా వస్తే గ్యాస్ కవచం చెదిరిందని అర్థం. కరిగిన చోట నల్లచుక్కలు ఉబికి వస్తే నూనె ఇంకా ఉందని. రెండో సందర్భంలో పైన ఇంకో పొర వేస్తే మురికి లోపలే మిగులుతుంది. కుట్టు గీకేసి మళ్లీ కాల్చి మొదలుపెట్టాలి. వానాకాలంలో గాలి తేమకు కుట్టులో సూదిరంధ్రాలు వస్తాయి. ఆ రోజుల్లో తీగను అసిటోన్‌తో తుడిచి, హెడ్డును వేడి మీదనుంచి తీసిన వెంటనే పని చేయించండి.

అయిపోయాక నీళ్లు చల్లొద్దు, ఫ్యాను కింద పెట్టొద్దు. రైస్ మిల్లులు ఉన్న మన ప్రాంతంలో ఊక బూడిదకు కొదవలేదు. వేడిని పట్టి ఉంచడంలో దానికి సాటి తక్కువ. పొడి బూడిద నింపిన డబ్బాలో హెడ్డును పూడ్చి చేత్తో తాకగలిగేదాకా వదిలేయండి.

ఇక తక్కువ వేడికి కరుగుతుందని అమ్మే అల్యూమినియం అతుకు కడ్డీల సంగతి. వాటిలో చాలావరకు జింకు ఉంటుంది, 380, 400 డిగ్రీల మధ్య కరుగుతాయి. కడ్డీని మంట కాదు, ఫిన్నే కరిగించాలి. అంటే ఆ చోటంతా 400 డిగ్రీలకు పోవాలి, హెడ్డుకు అది పనికిరాని వేడి. ఒకసారి జింకు పట్టిన చోట తర్వాత ఆర్గాన్ వెల్డింగ్ కుదరదు, జింకు ఆవిరై కుట్టంతా బుడగలు పడుతుంది. మామూలు ఎపాక్సీ పుట్టీ వేడిని మోయదు, హెడ్డు వేడికి మాడి రాలిపోతుంది, పోయాక కూడా లోహం రంధ్రాల్లో మిగిలి వెల్డర్‌ను ఇబ్బంది పెడుతుంది.

ఆకారం, ముఖం

ఎక్కువైన లోహాన్ని ముందు హాక్సాతో, తర్వాత ఆకురాయితో తీయండి. సందు లోపలికి ఆకురాయి పట్టకపోతే హాక్సా బ్లేడుకు ఒక కొసన గుడ్డ చుట్టి చేత్తో పట్టి రుద్దొచ్చు. కుట్టు మొదట్లో మూల పదునుగా కాకుండా చిన్న గుండ్రంతో కలవాలి. నున్నగా మెరిసే అతుకు పక్కన గరుకు కాస్టింగ్ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. సెంటర్ పంచ్ మొనను మొద్దు చేసి తేలికగా దగ్గరదగ్గరగా పొడిస్తే ఆ గరుకు వస్తుంది.

ఇప్పుడు ముఖం చూడాలి. వెల్డింగ్ జరిగిన ప్రతి హెడ్డుకూ ఇది తప్పనిసరి. తిన్నని స్టీలు స్కేలును ముఖం మీద నిలువుగా, అడ్డంగా, రెండు మూలలకూ పెట్టి కింద 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడండి. దూరితే 10 మి.మీ. మందం గాజు పలక మీద 400 నంబరు ఎమరీ పేపరు పరిచి, కిరోసిన్ చల్లి, హెడ్డును ఎనిమిది అంకెలా తిప్పుతూ రుద్దండి. ఒకవైపే బరువు వేయొద్దు. ముఖమంతా ఒకే రంగు వచ్చాక 600తో ముగించండి. 0.2 మి.మీ. కన్నా ఎక్కువ వంకర ఉంటే చేతిపని కాదు, మిషన్ షాపులో ఫేసింగ్ చేయించాలి. ఎంత తీశారో రాసి ఉంచుకోండి, తీసినకొద్దీ కంప్రెషన్ పెరుగుతుంది.

ప్లగ్ మరల్లో కొత్త ప్లగ్ చేత్తో అడుగుదాకా తిరగాలి. బుల్లెట్ హెడ్డు అయితే వాల్వులు, ప్లగ్ బిగించి చాంబర్‌లో కిరోసిన్ పోసి పావుగంట ఉంచండి. ఫిన్ల మొదట్లో తడి వస్తే పగులు లోపలి దాకా ఉన్నట్టే. పోర్టుల్లోకి కారితే సీట్లు చూపించాలి.

కాస్ట్ ఐరన్ బ్లాకు ఫిన్ను విరిగితే

బుల్లెట్ బ్లాకు మీద ఒక కొస పోతే ఆకురాయితో గుండ్రం చేసి వదిలేయడమే మా సలహా. పెద్ద ముక్క పోతే ఇత్తడి కడ్డీ, వెలిగారంతో గ్యాస్ బ్రేజింగ్ చేయించొచ్చు. దానికి అతుకు చోట 850, 900 డిగ్రీల వేడి కావాలి కాబట్టి బోరు (పిస్టన్ ఆడే రంధ్రం) గుండ్రం తప్పే అవకాశం ఉంది. అందుకే రీబోరు (బోరును కోసి కాస్త పెద్దది చేయడం) చేయించాలని ఉన్నప్పుడే, రీబోరుకు ముందే ఈ పని పెట్టుకోవాలి. బ్లాకు మొత్తాన్ని ముందు సమంగా వేడిచేయాలి, అయిపోయాక రాత్రంతా ఊక బూడిదలో ఉంచాలి. తొందరగా చల్లారితే అతుకు పక్కన కొత్త పగులు వస్తుంది. నికెల్ రాడ్‌తో ఆర్క్ వెల్డింగ్ ఇంకో దారి. 20, 25 మి.మీ. కుట్టు వేసి, వేడిగా ఉండగానే చిన్న సుత్తితో తేలికగా తట్టి, చేత్తో తాకగలిగేంత చల్లారాకే తర్వాతిది వేయాలి.

బిగింపు

అల్యూమినియం హెడ్డుకు రంగు వేయకపోయినా పరవాలేదు. ఇనుప బ్లాకుకు తుప్పు పట్టకుండా హీట్ పెయింట్ కావాలి, ఒకే పలచటి పొర. ప్రైమరు, పుట్టీ, మూడు పొరల రంగు వేస్తే ఫిన్లకు దుప్పటి కప్పినంత పని అవుతుంది.

కొత్త హెడ్ ప్యాకింగ్ వేసి, నట్లను ఎదురెదురుగా మూడు విడతల్లో, మీ మోడల్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. మొదటిసారి ఇంజన్ బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ టార్క్ చూడాలి, బుల్లెట్ లాంటి ఫోర్ స్ట్రోక్ అయితే ట్యాపెట్ గ్యాప్ (వాల్వును కదిపే భాగాల మధ్య సందు) కూడా. ఫిన్ల మధ్య రబ్బరు ముక్కలు తిరిగి పెట్టండి. 500 కిలోమీటర్లు తిరిగాక అతుకు చోట చాక్‌పీసు, కిరోసిన్ పరీక్ష మళ్లీ ఒకసారి చేయండి. గీత కనపడకపోతే ఆ తర్వాత నెలకోసారి సందుల్లో మట్టి తీస్తే సరిపోతుంది. కడిగేది ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, ఎండలో తిరిగొచ్చిన వెంటనే కాదు.